కడిగిన నాళాలు

డాక్టర్ ఇల్దెఫోన్సో మొన్రియాల్ ముఖం పన్నెండు అడుగుల వెడల్పున ఊరి బాస్కెట్‌బాల్ కోర్టు మీద వేలాడుతోంది. చేతులు కట్టుకుని, గడ్డం కాస్త పైకెత్తి, ఎక్కడో దూరాన లోకకల్యాణం తనకొక్కడికే కనబడుతున్నట్టు చూస్తున్నాడు. ఆయన పక్కన, ఆయన చెవికన్నా చిన్నగా, ఒక మెదడు బొమ్మ. కింద ఎర్రటి అక్షరాలు: “మంట ఆర్పుదాం. లుబాగ్‌ను ఓడిద్దాం.”

రెమెడియోస్ బల్గోస్ బస్సు దిగి ఆ ఫ్లెక్సీ వంక చూసింది. మెదడు తలకిందులుగా అచ్చయింది. పన్నెండేళ్లుగా మెదడు పేరు చెప్పుకుని బతుకుతున్న మనిషికి అది ఏ వైపు పైకి ఉంటుందో తెలియలేదు. తన ముఖం మాత్రం సరిగ్గా నిలబడిందో లేదో మూడుసార్లు సరిచూసుకుని ఉంటాడు. ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు కొత్తది కాదు. ఇలోయిలో నగరంలోని పరిశోధనాశాల నాలుగో అంతస్తులో, సూక్ష్మదర్శిని ముందు, రోజుకొకసారైనా ఆమె ఆ నవ్వు నవ్వుకునేది. ఆయనకు ఆ యంత్రంలో ఏ మర తిప్పితే ఏది కదులుతుందో తెలియదు. సభల్లో పాట పాడమంటే మాత్రం మైకు వదలడు.

లుబాగ్ అంటే మెలి. ఈ పనాయ్ దీవిలో తల్లుల నుంచి కొడుకులకు దిగే జబ్బు. నలభై ఏళ్లకు అటో ఇటో మొదలై మెడను ఒక పక్కకు తిప్పేస్తుంది, దవడను జారవిడుస్తుంది, చివరికి ఒళ్లంతా కొయ్యబారుస్తుంది. ఎందుకని అడిగితే, మెదడులో మంట వల్ల అంటాడు మొన్రియాల్. ఆ మాటకు ఆధారం మొత్తం రెమెడియోస్ కళ్లు.

మెదడులో కావలి కణాలుంటాయి. మామూలు రోజుల్లో అవి సన్నని కొమ్మలు చాచుకుని, వీధి గుమ్మాల్లో కూర్చున్న ముసలమ్మల్లా ఊరికే అన్నీ గమనిస్తుంటాయి. ఎక్కడైనా తేడా వస్తే కొమ్మలు ముడిచి, ఒళ్లు ఉబ్బించుకుని, దొరికినదాన్ని కొరుక్కుతింటాయి. ఉబ్బినవెన్నో, ఉబ్బనివెన్నో లెక్కపెట్టడం ఆమె పని. పూర్తిగా ఉబ్బినదాన్ని ఎవరైనా పోలుస్తారు. సగం ఉబ్బినదాన్ని ఏ గుంపులో వేయాలో కన్నే తేల్చాలి. అందుకే గాజు పలకల మీద పేర్లు కనబడకుండా తెల్ల కాగితం అంటిస్తారు. ఏది జబ్బు మనిషిదో, ఏది కాదో తెలియకుండా, కళ్లకు గంతలు కట్టుకున్నంత నిష్ఠగా లెక్కపెట్టాలి. పంతొమ్మిది మెదళ్లు ఈ ఊళ్ల లుబాగ్ మనుషులవి. మరో పంతొమ్మిది నగరంలో రోడ్డు మీదో, గుండె ఆగో పోయినవాళ్లవి. నాలుగేళ్లు లెక్కపెట్టింది. లుబాగ్ మెదళ్లలో నూటికి యాభై ఎనిమిది ఉబ్బిన కావలి కణాలు, మిగతావాళ్లలో ఇరవై ఏడు.

మంట ఉందని తేలింది. దాన్ని ఆర్పే మందు కూడా వచ్చింది. కావలి కణాలను జోకొట్టే ఆ మందును ముప్ఫై మందికి ఇచ్చి చూడాలి. సోమవారం ఉదయం నైతిక సంఘం కూర్చుని అనుమతి ఇవ్వాలి. ముప్ఫై పేర్ల జాబితాలో మొదటి పేరు ఎస్తెబాన్, రెమెడియోస్ పెద్దమ్మ కొడుకు.

ఆ మందుతో ఒక చిక్కుంది. అది మెదడులోని కావలి కణాలను మాత్రమే జోకొట్టదు, ఊపిరితిత్తుల్లోని కావలి కణాలనూ పడుకోబెడుతుంది. లుబాగ్ మనిషికి మింగుడు సరిగా ఉండదు. గంజి మెతుకొకటి దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే చాలు. చాలామంది అలా వచ్చిన న్యుమోనియాతోనే పోతారు. నిజంగా మంట ఉంటే ఆ ప్రమాదాన్ని భరించవచ్చునని దరఖాస్తులో రాసింది రెమెడియోసే. సంతకం మొన్రియాల్‌ది.

ఆ శుక్రవారం ఆమె వచ్చింది ఇరవయ్యో మెదడు కోసం. ఫ్రోయిలాన్ అనే జాలరి తెల్లవారుజామున పోయాడు. చనిపోయిన ఇంట అతిథి కాఫీ వద్దనకూడదు. ఆమె ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుంది. పళ్లెంలో బిస్కెట్లు, పక్కన పేకాడుతున్న చుట్టాలు. ఒళ్లో పరిశోధనాశాల ఫారం. “శవానికి నిల్వ ద్రవం ఎక్కించక ముందే మెదడు తీయబడినది” అన్న వాక్యం ఎదుట గడిలో, కాఫీ కప్పు మోకాలి మీద నిలబెట్టుకుని, అలవాటుగా టిక్కు పెట్టింది.

వాన ముసురుకొచ్చింది. చివరి బస్సు తప్పితే మెదడు కోసం తెచ్చిన పెట్టెలో మంచు కరిగిపోతుంది. తొందరపెడదామని ఆమె మొదటిసారిగా లోపలికి వెళ్లింది.

శవాలను సిద్ధం చేసే సిమ్యో పంపు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. ఫ్రోయిలాన్ మెడలోకి ఒక గొట్టం. అందులోంచి గులాబీ రంగు ద్రవం లోపలికి పోతోంది. ఇంకో గొట్టంలోంచి నల్లటి నెత్తురు బకెట్‌లో పడుతోంది. తలకు అటొకటి ఇటొకటి చెక్క దిమ్మెలు. మెడ నిటారుగా ఉంది. తల జుట్టు చెదరలేదు.

“సిమ్యో తియో, తల ఇంకా తెరవలేదా?”

“ఎలా తెరుస్తానే ఇందాయ్ తల్లీ? రంగునీళ్లు ఇంకా ఎక్కుతున్నాయిగా. పోయి కాఫీ తాగు. అరగంటలో నీ పెట్టె నీకిస్తా.”

“ముందు మెదడు తియ్యాలి కదా! ఆ తర్వాతే రంగునీళ్లు. కాగితంలో రాసుంది.”

“కాగితం నాకెవరు చదివి వినిపించారు?” సిమ్యో పంపు ఆపలేదు. “వీళ్లమ్మ పొద్దున్న నా రెండు చేతులూ పట్టుకుంది. ‘పదకొండేళ్లు నా కొడుకు నన్ను ఎదురుగా చూళ్లేదు సిమ్యో, ముందు వాడి మెడ నిలబెట్టు, తర్వాత ఎవరికేం కావాలో ఇచ్చుకో’ అంది. నీళ్లు ఎక్కకముందు పుర్రె కోస్తే అంతా పైనుంచే కారిపోతుంది, మెడ గట్టిపడదు. పాతిపెట్టేదాకా తొమ్మిది రోజులు ఇంట్లో ఉంచితే జనం చూసేది వంకర మెడనేనా?”

“ఈయనకొక్కడికేనా ఇలా?”

“అందరికీ. నీ పంతొమ్మిది మందికీ. ఇల్లు మారిందేమో గానీ అమ్మలందరూ అదే అడిగారు.”

“మరి నాకు చెప్పలేదేం?”

“నువ్వడిగితేగా!” అతను అప్పుడు తలెత్తి చూశాడు. “నాలుగేళ్లుగా వస్తున్నావు. అరుగెక్కి బిస్కెట్లు తింటావు, పెట్టె పట్టుకుని పోతావు. గడప దాటి రావడం ఇదే. పెద్ద చదువులవాళ్లకు వాసన పడదేమోలే అనుకున్నా.”

బకెట్‌లో నెత్తురు పడే చప్పుడు వింటూ నిలబడిన రెమెడియోస్‌కు గాజు పలకలు కళ్లముందుకు వచ్చాయి. కొన్ని పలకల్లో సన్నని నాళాలు ఎర్ర కణాలతో కిక్కిరిసి ఉండేవి. కొన్నిట్లో కడిగిన గ్లాసుల్లా ఖాళీగా ఉండేవి. ఆ తేడా ఆమె చూడకపోలేదు, మొదటి నెలలోనే చూసింది. చూసి, పైకి అనకుండా, లోలోపల మురిసింది కూడా: చూశావా, నా కన్ను, పేరు మూసినా పోల్చేస్తుంది! అది తన ప్రతిభ అనుకుంది. సిమ్యో పంపు కడిగిన నాళాలు లుబాగ్ మనుషులవి, నిండినవి నగరం మనుషులవి. గంతలు ఏనాడో జారిపోయాయి. జారాక కూడా ఆమె లెక్కపెడుతూనే ఉంది. కడిగిన నాళాల పక్కన సగం ఉబ్బిన కావలి కనబడితే ఉబ్బిందనీ, నిండిన నాళాల పక్కన కనబడితే లేదనీ ఎన్నివేల సార్లు రాసిందో!

ఆ సాయంత్రం బస్సులో ఫారం తీసి, తాను పెట్టిన టిక్కును చాలాసేపు చూసింది. పొద్దున నవ్విన నవ్వు గుర్తుకొచ్చింది. ఫ్లెక్సీ మీద మెదడు తలకిందులైతే ఎవరికీ ఏమీ కాదు.

శనివారం పరిశోధనాశాలలో గదులు ఊడ్చే సాలింగ్ ఒక్కతే ఉంది. రెమెడియోస్ పాత పలకల చిత్రాలను కాగితాల మీద తీసింది. నాళం ఛాయ ఎక్కడా లేని చోటు వెతికి, ప్రతి మెదడుకూ పది చదరాలు కత్తిరించింది. ఏది ఏ మెదడుదో వెనక గుర్తులు వేయడం సాలింగ్ వంతు. అన్నీ ఒక ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పోసి, మూత బిగించి ఊపి, ఒక్కొక్కటే అందించమంది.

“అన్నీ ఒకలాగే ఉన్నాయి కదమ్మా, సాలెపురుగుల్లాగా,” అంది సాలింగ్.

“ఒకలాగే ఉన్నాయో లేదో తేలాలి, నాంగ్ అక్కా.”

“తేలితే ఏమవుతుంది?”

“నా కొలువు పోతుంది.”

“అయితే సరిగా ఊపుతానుండు,” అని సాలింగ్ డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని మరో రెండుసార్లు గలగలలాడించింది.

మూడు వందల ఎనభై చదరాలు. ఆదివారం మధ్యాహ్నానికి లెక్క ముగిసింది. వెనక గుర్తులు తిప్పి కూడారు. లుబాగ్ మెదళ్లలో నూటికి ముప్ఫై ఒకటి. మిగతావాళ్లలో ఇరవై తొమ్మిది.

మంట ఉంటే ఉండవచ్చు. ఆమె చూసింది మాత్రం మంటను కాదు, తన ముందస్తు తీర్పును.

మొన్రియాల్ ఇంట్లో ఆదివారపు విందు ముగుస్తోంది. ఆల్చిప్పల గుట్ట పక్కన, మైకు చేతపట్టి, రాగం కన్నా ముందుగా పరిగెత్తుతున్నాడు. ఆమె వరండాలోకి పిలిచి అంతా చెప్పింది. ఆయన మైకు ఆపలేదు. దాన్ని పొట్టకు ఆనించుకుని విన్నాడు. మధ్యలో ఆయన త్రేన్పు ఇల్లంతా మోగింది.

“సరే. లెక్కపెట్టింది ఎవరు?”

“నేనే, డాక్.”

“నాళాలు ఖాళీగా ఉన్నాయని చూసి ఊరుకున్నది?”

“నేనే.”

“ఫారాల్లో ఇరవై టిక్కులు?”

“...నేనే.”

“మరి ఇందులో నా తప్పేముంది, రెమీ?”

పన్నెండేళ్లలో ఆయన అడిగిన మొట్టమొదటి శాస్త్రీయ ప్రశ్న అది. అది ఆయన నోటి నుంచి రావడమే ఆమెకు అన్నిటికన్నా చేదుగా ఉంది. ఇన్నేళ్లూ ఆయన్ని చూసి నవ్వుకుంటూ, ఆ నవ్వునే తన యోగ్యతాపత్రంగా గోడకు తగిలించుకుంది. ఆయనకు ఏమీ తెలియదు గనుక తనకు అన్నీ తెలుసుననుకుంది.

“తప్పెవరిదైనా సరే, రేపు సంఘానికి చెప్పాలి డాక్.”

“చెప్పి? ఫ్లెక్సీలు కట్టేశాం. మేయరు వస్తున్నాడు. నోరు మూసుకుని కూర్చో. ముప్ఫై మందికి మందు పడనీ. పనిచేసిందా, నీ పాత లెక్కే నిజం. పనిచెయ్యలేదా, మందుది తప్పు. మనకేంటి?”

“గంజి ఊపిరితిత్తుల్లో చేరి వాళ్లు పోతే?”

“ఎలాగూ వాళ్లు పోయేది దానితోనే కదా!” మొన్రియాల్ ఎంతో దయగా ఆమె భుజం తట్టాడు. “లోపల నూడుల్స్ ఉన్నాయి, తినేసి వెళ్లు.”

ఆమె తినకుండానే వెళ్లిపోయింది. ఆ ఇంటి గేటు దాటుతుంటే వెనక పాట మళ్లీ మొదలైంది, ఆపినచోటి నుంచే.

సోమవారం నైతిక సంఘంలో ఏడుగురు కూర్చున్నారు. ఒక పాదిరీ, ఒక లాయరు, ఒక బడి పంతులమ్మ, నలుగురు డాక్టర్లు. మొన్రియాల్ తెల్లని బరోంగ్ చొక్కాలో, గంజి పెళపెళలాడుతుండగా, అరగంట మాట్లాడాడు. మంట అన్న మాట ఇరవై ఆరుసార్లు వాడాడు. రెమెడియోస్ లెక్కపెట్టింది. ఆ లెక్కలో మాత్రం ఆమెకు అనుమానం లేదు.

తర్వాత లేచింది.

“ఆ యాభై ఎనిమిది నా లెక్క. అది తప్పు. గంతలు జారాయని తెలిసి కూడా లెక్కపెట్టాను. ఫారాల్లో టిక్కులు నావి. అవి అబద్ధాలు.”

“మా అమ్మాయి ఈ మధ్య నిద్ర లేక అలసిపోయింది,” మొన్రియాల్ చిరునవ్వుతో సంఘం వైపు తిరిగాడు. “ఆడపిల్లలు త్వరగా బెంబేలు పడతారు. అది మనసుకు సంబంధించిన...”

రెమెడియోస్ బిస్కెట్ల డబ్బా బల్ల మీద పెట్టి మూత తీసింది. “నన్ను నమ్మొద్దు. నన్ను నమ్మడం వల్లే ఇంతదాకా వచ్చింది. వీటిలో ఉబ్బిన కణాలు ఏవో మీరే ఏరండి. గుర్తులు వెనక ఉన్నాయి, ఆఖర్న తిప్పండి.”

పాదిరీ కళ్లజోడు సవరించుకుని మొదటి చదరం అందుకున్నాడు. పంతులమ్మ రెండోది. కాసేపటికి ఏడుగురూ, పరీక్ష రాస్తున్న పిల్లల్లా, తలలు వంచి లెక్కపెట్టసాగారు. మొన్రియాల్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆయనకు ఎవరూ చదరం ఇవ్వలేదు. ఇచ్చినా, ఏది కణమో ఆయన పోల్చగలిగేవాడని ఆమెకు నమ్మకం లేదు.

మందు వాయిదా పడింది. అన్ని మెదళ్లనూ కొత్తగా, వేరే కళ్లతో లెక్కించేదాకా ఎవరికీ ఇవ్వకూడదన్నారు. ఆ మధ్యాహ్నమే నాలుగో అంతస్తు తాళంచెవి రెమెడియోస్ దగ్గర నుంచి తీసుకున్నారు.

మర్నాడు పొద్దున ఎస్తెబాన్ ఇంటికి వెళ్లింది. అతను గుమ్మం ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. దవడ జారకుండా నిలబడడానికి పళ్లమధ్య ఒక వెదురు పుల్ల కొరికి పట్టుకున్నాడు. మెడ ఎడమకు తిరిగిపోయి, ముఖం ఎప్పుడూ పక్కింటి పందులదొడ్డి వైపే ఉంటుంది. ఆమె ఎదుట నిలబడి చెప్పింది. అతను దొడ్డి వంక చూస్తూనే విన్నాడు.

“అయితే ఇక మందు లేదన్నమాట.”

“లేదు, మనోంగ్. లేదన్నా.”

“నీ డాక్టరు వెధవని వచ్చినప్పుడల్లా నువ్వే అనేదానివి. ఇక్కడే కూర్చుని నవ్వేవాళ్లం.” పుల్లను ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చాడు. “ఆ వెధవ నాకు మందు ఇస్తానన్నాడు. నువ్వు తెలివైనదానివి, వచ్చి లేదంటున్నావు.”

“ఆ మందు వేసుకుంటే నెల తిరక్కుండా ఊపిరితిత్తులు...”

“తెలుసులే. నాలుగేళ్లుగా ‘మంట దొరికింది మనోంగ్, మంట దొరికింది’ అన్నది ఎవరు? నేను ఆ మాటే తిని బతికాను. గంజి కూడా అంత సాఫీగా దిగలేదు గొంతులో.”

ఆమె కూడా పందులదొడ్డి వైపు చూసింది.

“ఇంకొకటి అడుగుతా,” అన్నాడు ఎస్తెబాన్. “నేను పోయాక సిమ్యోతో ఏం చెప్తావు? నీ లెక్క సరిగా రావాలని ముందు తల కొయ్యమంటావా? మెడ ఇలాగే ఉండాలా నాకు, తొమ్మిది రోజులూ?”

“వద్దు. ముందు మెడే నిలబెట్టమంటాను.” నిన్నంతా ఆలోచించినది అప్పుడు బయటికొచ్చింది. “నగరంలో పోయినవాళ్లకు కూడా ముందు అదే ద్రవం ఎక్కించి, ఆ తర్వాతే మెదడు తీయాలని సంఘానికి రాశాను. అప్పుడు అందరి నాళాలూ ఒకేలా ఉంటాయి. ఏది ఎవరిదో లెక్కపెట్టేవాళ్లకు తెలియదు.”

పందులు అరుస్తున్నాయి.

“ఇంత చిన్న సంగతా?” అన్నాడు ఎస్తెబాన్. “ఇంత చిన్న సంగతి తట్టడానికి నాలుగేళ్లూ, ఇరవై మందీ కావలసివచ్చారా, ఇందాయ్?”

లేచాడు. ముందుకు నడిస్తే అతని మెడ మరింత మెలితిరిగి కాళ్లు తడబడతాయి. వెనక్కి నడిస్తే మాత్రం, ఎందుకో ఎవరికీ తెలియదు, ఒళ్లంతా దారికి వస్తుంది. అందుకని ఇంట్లోకి వెళ్లాలన్నా వెనక్కే నడుస్తాడు. ఆ పొద్దునా అలాగే బయలుదేరాడు. ఒక్కొక్క అడుగూ వెనక్కి వేస్తుంటే మెడ నెమ్మదిగా తిరిగి నిటారుగా నిలబడింది. పందులదొడ్డిని వదిలి, అతని ముఖం ఆ రోజుకి మొదటిసారిగా ఆమెకు సూటిగా ఎదురైంది.

ఆమెకు తలదించుకోవాలనిపించింది. దించుకోలేదు. గడప దాకా పదకొండు అడుగులు. అన్ని అడుగులూ అతను ఆమెనే చూస్తూ వెనక్కి వెళ్లాడు. పుల్ల కొరికిన ఆ పెదవుల మీద, ఫ్లెక్సీ ముందు నిలబడి ఆమె నవ్విన నవ్వే ఉంది.